విహారయాత్రకు పదిమంది చాలును

విహారయాత్ర యనగానే బస్సునిండ పిల్లలను నింపుకొని పోవుట మన కలవాటు. బేరిగై నుండి బెంగుళూరునకు పోయి ఒక్క పగటిలో తిరిగి రావచ్చును. అచ్చట గవీపురమున గంగాధరేశ్వరుని గుహాలయ మున్నది. రాతిని తొలిచిన ఆ యిరుకుదారిలో అరువదిమంది దూరినచో ముందువాని వీపు తప్ప మరేమియు కానరాదు. నా యనుభవమే యిది. పదిమంది యైనచో, మకరసంక్రాంతి సాయంకాలపు టెండ నంది కొమ్ముల నడుమగా వచ్చి లింగమును తాకు మార్గమును ఉపాధ్యాయుడు నిలిపి చూపగలడు.

పిదప లాల్‌బాగు బండపై కెంపేగౌడుని పేరిటనున్న బురుజు. 1537లో ఆ నగరమునకు పునాది వేసిన ఆ ప్రభువు, మాతృభాష కన్నడమైనను, తెలుగున ‘గంగాగౌరీవిలాస’మను యక్షగానమును రచించెనని ప్రసిద్ధి. తెలుగు మన వీధి దాటినచో పనికిరాదని వినుచు పెరుగు బిడ్డ ఈ మాట ఆ బురుజు నీడలో వినవలదా?

తల్లిదండ్రులారా, ఖర్చు కొంత హెచ్చును, నిజమే. అయినను పెద్దబస్సు మాని, చిన్నబండిలో, వంతులవారీగా పంపుడు. సంక్రాంతినాడు మాత్రము వలదు. ఆనాడచ్చట జనసమ్మర్ద మధికము.