లేమొక్కకు ఊతం

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పెద్దలు పిల్లల నడవడిని ఉద్దేశించి చెబుతారు. పిల్లల ఎముకల వైద్యానికి కూడా అది అక్షరాలా వర్తిస్తుంది. ‘ఆర్థోపీడిక్స్’ అనే పేరును 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలాస్ ఆండ్రీ రెండు గ్రీకు పదాలను కలిపి కల్పించారు. ఒకదానికి ‘తిన్ననిది’ అని, మరొకదానికి ‘శిశువు’ అని అర్థం. వంకర తిరిగిన లేతచెట్టును గుంజకు కట్టి నిలిపిన బొమ్మ ఆయన గ్రంథంలోనిదే. నేటికీ ఆ శాఖకు అదే చిహ్నం.

కొందరు శిశువుల పాదాలు పుట్టుకతోనే లోపలికి మెలితిరిగి ఉంటాయి. ‘క్లబ్‌ఫుట్’ అనే ఈ వైకల్యం సుమారు వేయిమందిలో ఒకరికి కలుగుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పాన్సెటీ (1914–2009) దీనికి పెద్ద శస్త్రచికిత్స అక్కరలేని పద్ధతిని రూపొందించారు. వారం వారం పాదాన్ని సున్నితంగా సవరిస్తూ పిండికట్టు మారుస్తారు. చాలామందికి మడమ వెనుక చిన్న గాటు కూడా అవసరమవుతుంది. ఆపైన కమ్మీకి బిగించిన బూట్లను మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు, పిదప నాలుగైదేళ్ల వయసు వరకు నిద్రవేళల్లో తొడగాలి.

చికిత్స తరచుగా బెడిసికొట్టేది ఈ చివరి దశలోనే. పాదం తిన్నబడింది కదా అని, బిడ్డ ఏడుపు చూడలేక తల్లిదండ్రులు బూట్లు విప్పేస్తారు. పాదం మళ్లీ వంకరపోతుంది. వారి సందేహాలను ఓపికతో తీర్చి, బూట్లు తొడిగే తీరు నేర్పి, ప్రతి రాకలోనూ పాదాన్ని పరిశీలించే మనిషి కావాలి. శస్త్రచికిత్సల నడుమ తీరికలేని వైద్యునికి ఇదంతా ఒంటరిగా సాధ్యం కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్ విలువ తెలిసేది ఇక్కడే.

1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ వృత్తి శిక్షణకు శ్రీకారం చుట్టారు. నౌకాదళంలో వైద్యసహాయకులుగా పనిచేసినవారే తొలి విద్యార్థులు. భారతదేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం ఈ వృత్తికి గుర్తింపునిచ్చింది.

వైద్యపట్టా లేనివారి చేతికి పసిబిడ్డను అప్పగించవచ్చునా అని కొందరు శంకిస్తారు. ఆ శంక సహేతుకమే. తగిన శిక్షణ, వైద్యుని పర్యవేక్షణ, తన హద్దు తెలిసిన వినయం లేనిచోట అది ప్రమాదమే. అవి ఉన్నచోట మేలు జరుగుతుంది. ఎముకల వైద్యులు బహుకొద్దిమంది ఉన్న ఆఫ్రికా దేశమైన మలావీలో, డాక్టర్లు కాని శిక్షితులైన ఆర్థోపీడిక్ క్లినికల్ ఆఫీసర్లు పాన్సెటీ పద్ధతిని అనుసరించి ఎందరో పిల్లల పాదాలు సరిచేశారు.

వైద్యకళాశాలలో సీటు రానివారు ఎంచుకునే రెండవ దారిగా ఈ వృత్తిని ఎంచడం అవివేకం. గుంజ చెట్టుకన్న గొప్పదని ఎవరూ అనరు. అయినా లేమొక్క తిన్నగా ఎదిగేవరకు కదలక నిలిచేది గుంజయే. నేడు ఆసుపత్రులకు అటువంటి స్థిరచిత్తులు కావాలి. జీవశాస్త్రం చదివే యువత ఈ పిలుపును గౌరవంతో ఆలకించాలి.