పాటలో అయిపోయే ఏడాది

ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మా పామర్రు మండలంలోనే. ఆయన 1947లో సబ్ రిజిస్ట్రార్‌గా చేరి, మూడు వారాలకే ఉద్యోగం వదిలేసి సినిమాల వైపు వెళ్లారు. ఖాళీగా ఉన్న కుర్రాడికి ధైర్యం చెప్పాలంటే మా పెద్దవాళ్లు ఈ కథే ఎత్తుకుంటారు. వదిలేయాలన్నా ముందు ఉద్యోగం రావాలి కదా!

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా పిన్ని కొడుకు అదే పరిస్థితిలో ఉన్నాడు. బీటెక్ అయి ఏడు నెలలు. చుట్టాలొస్తే చాలు, ల్యాప్‌టాప్ తెరిచి హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటున్నాడు. నీతులు చెబితే వినడని, పండగ మూడు రోజులూ సినిమాలు పెట్టాను.

హ్యాపీ డేస్ (2007): క్యాంటీన్, ర్యాగింగ్, ప్రేమలు, అలకలు అన్నీ ఉన్నాయి. ప్లేస్‌మెంట్ల దగ్గరికి వచ్చేసరికి శేఖర్ కమ్ముల శుభం కార్డు వేసేశారు. మన సినిమా మొదలయ్యేదే అక్కడ!

రఘువరన్ బీటెక్ (2015): సివిల్ ఇంజినీర్ ధనుష్‌కి మోపెడ్ ఉంది, నాన్న తిట్లు ఉన్నాయి, ఉద్యోగం ఒక్కటే లేదు. చివరికి వాళ్లమ్మ అవయవదానంతో బతికిన అమ్మాయి తండ్రి పిలిచి ఉద్యోగం ఇస్తాడు. అంటే అంత మాస్ హీరోకి కూడా పని చేసింది రెఫరలే.

ట్వెల్త్ ఫెయిల్ (2023): అందరూ మనోజ్ ఐపీఎస్ అయినందుకు విజిల్ వేస్తారు. నేను గౌరీ భయ్యాని చూడమంటాను. చివరి అటెంప్ట్ కూడా పోయాక టీ కొట్టు పెట్టి, దానికి 'రీస్టార్ట్' అని పేరు పెట్టాడు. ఓటమిని దాచుకోలేదు, బోర్డు కట్టాడు. కుర్రాళ్లు ఆ కొట్టు చుట్టూనే చేరారు.

ఆకలి రాజ్యం (1981): ఢిల్లీలో నిరుద్యోగి కమల్‌హాసన్, నోట్లో శ్రీశ్రీ కవిత్వం. ఇంట్లో గింజ లేకపోయినా, శ్రీదేవి వచ్చేసరికి స్నేహితులంతా కడుపునిండా తింటున్నట్టు నటిస్తారు. ఆ సీనుకి తమ్ముడు నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. నేనూ ఆపేశాను.

ఎందుకంటే ఆ నటన నేనూ చేశాను. ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ జాయినింగ్ తేదీ చెప్పకుండా పదకొండు నెలలు తిప్పింది. పామర్రు సెంటర్‌లో ఎవరడిగినా 'వర్క్ ఫ్రమ్ హోమ్ అండీ' అనేవాణ్ని. ఫలితం? ఉద్యోగం ఉన్నవాడికి ఖాళీల గురించి ఎవరు చెబుతారు! మా సీనియర్ ఒకాయన టీమ్‌లోకి మనుషుల్ని తీసుకున్నాడు, నా పేరు ఆయనకి తట్టనే లేదు. తర్వాత తెలిసి 'ఒక్క మాట చెప్పొచ్చు కదరా' అన్నాడు. ఆ మాట నలుగురికి చెప్పడం మొదలుపెట్టాకే నా రెజ్యూమె నాలుగు చేతులు మారి ఉద్యోగం వచ్చింది.

సినిమాలో ఖాళీ ఏడాది ఒక పాటలో అయిపోతుంది. హీరో మెట్లెక్కుతాడు, దిగుతాడు, గడ్డం పెరుగుతుంది, అంతే. మనకి ఆ పాట రోజూ ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ దాన్ని దాచడానికి పడే శ్రమ ఇంటర్వ్యూ ప్రిపరేషన్ని మింగేస్తుంది. గ్యాప్ గురించి అడిగితే ఆ నెలల్లో ఏం నేర్చుకున్నారో, ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. అంతకంటే ముందు, ఉద్యోగం వెతుకుతున్నామని తెలిసినవాళ్లకి చెప్పండి. తింటున్నట్టు నటించేవాడికి ఎవరూ అన్నం పెట్టరు.

కనుమ రోజు భోజనాల దగ్గర మావయ్య 'ఏం చేస్తున్నావురా?' అని అడిగాడు. తమ్ముడు ఒక్క క్షణం నావైపు చూసి, 'ఇంకా రాలేదు మావయ్యా, వెతుకుతున్నా. మీకు తెలిసినచోట ఏమైనా ఉంటే చెప్పండి' అన్నాడు.

మావయ్య ఎన్టీఆర్ కథ ఎత్తుకోలేదు. 'నీ రెజ్యూమె వాట్సాప్ చెయ్యి' అన్నాడు.