ఆ పాట మనకెందుకప్పా?

ఉగాదికి ఇంట్లో అందరూ చేరితే ఫోన్‌లో 'మా తెలుగు తల్లికి' పెట్టడం మనకి అలవాటు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "అది ఆంధ్రావాళ్ల పాట. కౌల్ బజార్‌లో ఉండే మనకెందుకప్పా?" ఈసారి జవాబు రాసిపెడదామనుకున్నాం.

తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారి ఆ పాటని 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోన్ రికార్డుగా వచ్చి ఊరూరా తిరిగింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. తిరుపతి, బెజవాడ, మన బళ్లారి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సూర్యకుమారి పెదనాన్న ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, మనం మైసూరులో కలిశాం. తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన 1975లో గానీ అది రాష్ట్ర గీతం కాలేదు. అంటే పాట ముందు, సరిహద్దు తర్వాత.

ఒక లోటు ఒప్పుకోవాలి. అందులో గోదావరి, కృష్ణ ఉన్నాయి, మన తుంగభద్ర లేదు. కానీ చివర్లో తిమ్మరుసు, కృష్ణరాయలు వస్తారు. వాళ్లు ఏలిందెక్కడ? మన పక్కనున్న హంపీలో. ఆ రాజధాని ఇప్పుడు కర్ణాటకలోనే ఉంది కదా!

ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? కన్నడ మీడియంలో చదివిన మాకు తెలుగు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, ఈ పాట మాత్రం ముందే వచ్చింది. చిన్న చిన్న మాటలు, ప్రాసలు, నదుల చప్పుడు. చదవడం రానివాళ్లకీ చెవి ద్వారానే పట్టుబడుతుంది.

బడిలో కువెంపు రాసిన నాడగీతె పాడి పెరిగాం. అదీ మన పాటే. ఒకటి పాడితే ఇంకోటి చిన్నబోదు. తెలంగాణ 2024లో అందెశ్రీ పాటని తన గీతంగా తీసుకుంది. రాష్ట్రాలు పాటలు మార్చుకుంటాయి, అది వాటి హక్కు. ఇంటి పాటని మార్చుకోవాల్సిన పని మాత్రం మనకి లేదు.

ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఈ ఒక్క పాటైనా నోటికి రావాలి. వచ్చే ఉగాదికి ఫోన్ పక్కన పెట్టి మనమే పాడదాం. రెండు నదుల దగ్గరే ఆపకుండా, రాయలవారి పేరు వచ్చేదాకా.