కంప్యూటర్‌కీ కావాలి వాసెన కట్టిన జాడీ

ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఒక సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడాదికి సరిపడా కలిపిన పచ్చడంతా ఒకే జాడీలో పోసి, దాన్నే తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టదు. పెద్ద జాడీకి వాసెన కట్టి కొట్టుగదిలో ఓ మూల ఉంచుతుంది. వారానికో పది రోజులకో పొడి గరిటెతో కాస్త తీసి చిన్న జాడీలో వేసుకుంటుంది. ఎవరి తడి చెయ్యి తగిలినా, పిల్లలు కింద పడేసినా పోయేది చిన్న జాడీలోదే. పెద్ద జాడీకి ఏ ఢోకా లేదు.

మరి మీ ఇంట్లో కంప్యూటర్ సంగతేమిటి? అది రోజూ నలుగురి చేతులూ పడే చిన్న జాడీ. అందులో ఉన్నదేమో ఇరవయ్యేళ్ళ సంసారం! వాసెన కట్టిన పెద్ద జాడీ మాత్రం చాలా ఇళ్ళల్లో ఉండదు. ఈ వారం ఆ జాడీ గురించే చెప్పుకుందాం. కంప్యూటర్ తెలిసినవాళ్ళు దీన్ని బ్యాకప్ అంటారు. అంటే మరేం లేదు, కంప్యూటర్లో మీరు దాచుకున్నవాటికి విడిగా ఇంకో డిస్కు మీద నకలు తీసి పెట్టుకోవడం.

పోతే మళ్ళీ రానివి

“కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం లెండి” అంటారు కొందరు. నిజమే, పెట్టె కొనుక్కోవచ్చు. అందులోని ప్రోగ్రాములు కూడా మళ్ళీ వేయించుకోవచ్చు. సినిమాలూ పాటలూ ఎక్కడైనా దొరుకుతాయి. కొనడానికి దొరకనివి వేరే ఉన్నాయి. అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు, బాబు మొదటిసారి బోర్లా పడినప్పుడు తీసిన వీడియో, కాలం చేసిన అత్తగారు పండక్కి అరిసెల పాకం ఎలా పట్టాలో చెబుతుంటే రికార్డు చేసిన గొంతు. ఆ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు, మీ కంప్యూటర్లో ఆ ఒక్క ఫైల్లో తప్ప.

ఇవి కాక ఇంటి దస్తావేజుల స్కాన్ కాపీలు, పిల్లల సర్టిఫికెట్లు, చీటీల లెక్కలు, పెళ్ళిలో ఎవరెవరు ఏం చదివించారో రాసుకున్న జాబితా. ఓ పావుగంట కూర్చుని, పోతే మళ్ళీ రానివేమిటో ఒక కాగితం మీద రాయండి. ఆ జాబితా చూశాక ఇక నేను వేరే చెప్పక్కర్లేదు.

డిస్కు ఎందుకు చెడిపోతుంది?

కంప్యూటర్ లోపల ఇవన్నీ దాచేది హార్డ్ డిస్కు. దాన్లో అద్దాల్లా మెరిసే గుండ్రటి పళ్ళేలుంటాయి. అవి నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. చదివే ముల్లు వాటికి తగలకుండా, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. పని చేస్తున్నప్పుడు గట్టి కుదుపు తగిలితే ముల్లు పళ్ళేన్ని గీరేస్తుంది. అరుగుదలకి, కరెంటు హెచ్చుతగ్గులకి కూడా డిస్కులు పోతాయి. ఎప్పుడూ లేనిది లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తోందంటే ఆలస్యం చెయ్యకూడదు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో తిరిగే పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి. డిస్కులు వస్తున్నాయి. కుదుపుకి తట్టుకుంటాయి, వేగంగా పని చేస్తాయి. కానీ పాడయ్యేటప్పుడు టక్ టక్‌మని కూడా చెప్పవు. నిన్న రాత్రి బాగానే ఉన్నది ఇవాళ పొద్దున్న తెరుచుకోదు.

ఐ.బి.ఎం. వాళ్ళు 1956లో తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టింది 5 మెగాబైట్లు. ఇవాళ మన ఫోనుతో తీసే ఫొటోలు ఒకటో రెండో అంత! అలాంటిది ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులో లక్షల ఫొటోలు పెడుతున్నాం. సౌకర్యం పెరిగింది, దాంతోపాటే ఒక్క దెబ్బకి పోయేదీ పెరిగింది.

డిస్కు చెడిపోవడం ఒక్కటే కాదు, దొంగతనం ఉంది, వరద నీరు ఉంది, ‘డిలీట్’ నొక్కిన చిన్నారి వేలుంది. వైరస్ సరేసరి. 2017 మే నెలలో వనాక్రై అనేది ప్రపంచమంతా పాకి, కంప్యూటర్లలోని ఫైళ్ళకి తాళం వేసి, తియ్యాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. పోలీసుల కంప్యూటర్లనే వదలనిది మన ఇళ్ళని వదులుతుందా?

ఒక తల్లి ఇంట్లో కంప్యూటర్ కాపాడిన సినిమా

మీ పిల్లలు ‘టాయ్ స్టోరీ 2’ చూసే ఉంటారు. 1998లో ఆ సినిమా తయారవుతున్నప్పుడు పిక్సార్ స్టూడియోలో ఎవరో పొరపాటున ఇచ్చిన ఆదేశంతో సినిమా ఫైళ్ళు చెరిగిపోవడం మొదలైంది. కళ్ళముందే బొమ్మలు ఒక్కొక్కటీ మాయమవుతుంటే పరుగెత్తి కంప్యూటర్ తీగ పీకేశారట. బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. తీరా చూస్తే అది సరిగా పనిచెయ్యడం లేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు, తెరిచి చూసినవాళ్ళు లేరు కనుక.

అప్పుడు గుర్తొచ్చింది, గ్యాలిన్ సుస్మన్ ఇంట్లో ఇంకో కాపీ ఉందని. ఆవిడ ఆ సినిమాకి సాంకేతిక బాధ్యతలు చూసేవారు. కాన్పయ్యాక బిడ్డని చూసుకుంటూ ఇంటి దగ్గర్నుంచే పని చేసేందుకు ఒక కంప్యూటర్ పెట్టుకున్నారు. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టుకుని, పసిబిడ్డని తీసుకెళ్ళినంత జాగ్రత్తగా స్టూడియోకి చేర్చారు. 1999లో సినిమా విడుదలైంది.

ఇందులో మనం పట్టుకోవలసినవి రెండు. నకలు వేరే చోట ఉండాలి. అది తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఏం కొనాలి?

దుకాణంలో ‘ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు’ అని అడగండి. అరచేతిలో ఇమిడే చిన్న రకం చాలు, దానికి వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లేదు. కంప్యూటర్ తీగతోనే నడుస్తుంది. మీవి ఎంత ఉన్నాయో దానికి రెట్టింపు పట్టేది తీసుకోండి. మామూలు సంసారానికి ఒక టెరాబైట్ సరిపోతుంది.

పెన్‌డ్రైవ్ అటూ ఇటూ పట్టుకెళ్ళడానికే గానీ ఏళ్ళ తరబడి దాచడానికి పనికిరాదు. కరెంటు తగలకుండా చాలాకాలం బీరువాలో పడుంటే అందులోవి పోయే ప్రమాదముంది. ఎస్.ఎస్.డి.కీ ఆ బలహీనత ఉంది. ఈ పనికి తిరిగే పళ్ళేల డిస్కే మేలు.

మరో మాట. “మా కంప్యూటర్లో సి, డి అని రెండు డ్రైవులున్నాయి, డి లోకి కూడా వేశాం” అని నిశ్చింతగా ఉండకండి. చాలా ఇళ్ళల్లో అవి రెండూ ఒకే డిస్కుకి గీసిన రెండు అరలు. బీరువాకే చెదపడితే పై అరలో చీరలు మిగులుతాయా?

ఎలా చెయ్యాలి?

ఇది సాంబారు పెట్టడం కన్నా సులువు.

డిస్కుని కంప్యూటర్‌కి తగిలించండి. ‘దిస్ పీసీ’ తెరిస్తే కొత్త డ్రైవు కనిపిస్తుంది. అందులో ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ చెయ్యండి. ఇప్పుడు కంప్యూటర్లోని డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లని ఒక్కొక్కటే కాపీ చేసి అందులో పేస్ట్ చెయ్యండి. డెస్క్‌టాప్ మరిచిపోకండి, హడావిడిలో అందరూ అన్నీ పడేసేది అక్కడే! విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న ఫోల్డర్ల జోలికి వెళ్ళొద్దు.

కొన్ని ఫైళ్ళ పక్కన చిన్న మబ్బు గుర్తు కనిపించవచ్చు. అవి మీ డిస్కులో లేవు, ఇంటర్నెట్‌లో ఉన్నాయని అర్థం. అప్పుడు నెట్ ఉంచుకుని కాపీ చెయ్యండి. ఫోన్లోని ఫొటోల్ని కూడా తీగతో కంప్యూటర్లోకి దించి దీంట్లో కలపండి.

మొదటిసారి గంటలు పట్టవచ్చు. మధ్యలో తీగ లాగకుండా మీ వంట మీరు చేసుకోండి. అయ్యాక డిస్కు గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘ఎజెక్ట్’ అని ఇచ్చి, అప్పుడు తీగ తియ్యండి.

తడవకోసారి చేత్తో చెయ్యడం విసుగనుకుంటే, విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళితే ‘ఫైల్ హిస్టరీ’ అనేది ఉంటుంది. డిస్కు తగిలించి దాన్ని ఆన్ చేస్తే, మారిన ఫైళ్ళని అదే నకలు తీసుకుంటుంది. యాపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఇదే పని ‘టైమ్ మెషీన్’ చేస్తుంది. దానికి డిస్కుని చెరిపి సిద్ధం చెయ్యాల్సి రావచ్చు కాబట్టి ఖాళీ డిస్కే ఇవ్వండి. ఏ కంప్యూటరైనా సరే, ‘ఫార్మాట్’ చెయ్యనా అని అడిగితే ఆగండి. సరే అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

తర్వాత ఏం చెయ్యాలి?

చాలామంది కాపీ చేసి ఊరుకుంటారు. అసలు పని ఇప్పుడుంది. రెండో డిస్కుని వీలైతే వేరే కంప్యూటర్‌కి తగిలించి ఓ నాలుగైదు ఫైళ్ళు తెరవండి. ఒక పాత ఫొటో, ఒక వీడియో, ఒక కాగితం. ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా వడ్డించం కదా!

చూశాక తీగ తీసేసి, తేదీ రాసిన చీటీ అంటించి, కంప్యూటర్‌కి దూరంగా దాచండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, కంప్యూటర్‌కి వచ్చిన వైరస్సో పిడుగుపాటో దీనికీ వస్తుంది. ల్యాప్‌టాప్ సంచీలోనే పెట్టినా అంతే, దొంగ రెండూ పట్టుకుపోతాడు. బీరువాలో తాళం కింద, తేమ తగలని చోట ఉంచండి.

ఇంకొంచెం ఓపికుంటే ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం పాటించండి. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. మీ డిస్కొకటి చెల్లెలింట్లో, ఆవిడ డిస్కొకటి మీ ఇంట్లో ఉంచుకుంటే సరి. ఇంటర్నెట్‌లో దాచడమూ ఒక దారే. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా పెట్టుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. ఇప్పుడు మెయిలూ అన్నీ కలిపి 15 గిగాబైట్ల దాకానే ఉచితం. పైగా ఫోన్లో గూగుల్ ఫొటోస్ తెరిచి ఒక ఫొటో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అందుకని దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఎవరు చెయ్యాలి?

“ఇవన్నీ మావారు చూసుకుంటారు”, “మా అబ్బాయికి తెలుసు” అనడం మనకి అలవాటు. శ్రీవారికి ఆఫీసు హడావిడి, అబ్బాయి రేపు ఉద్యోగానికి ఏ బెంగుళూరో అమెరికాయో వెళతాడు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, దేని విలువెంతో తెలిసింది మీకు. ఏ ఫొటో పోతే గుండె తరుక్కుపోతుందో తెలిసిందీ మీకే. ఈ డిస్కు తాళం మీ కొంగునే ఉండనివ్వండి. నెల సరుకులు వచ్చిన రోజునే ఈ పనీ పెట్టుకుంటే మరుపు రాదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక చాలామంది కంప్యూటర్లు మార్చేస్తున్నారు. పాతది ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేముందు నకలు తీసుకోవడం, అది తెరిచి చూసుకోవడం మరవకండి.

గుర్తుంచుకోండి

• రెండో అర వేరు, రెండో డిస్కు వేరు.
• నెలకోసారి నకలు. పెళ్ళో పుట్టినరోజో అయితే ఆ వారంలోనే.
• తెరిచి చూడని నకలుని నమ్మకండి.
• పని అయ్యాక తీగ తీసెయ్యండి.
• నాలుగైదేళ్ళకోసారి కొత్త డిస్కులోకి మార్చండి. జాడీకీ బీట వస్తుంది.
• డిస్కు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టండి. అన్నిటికన్నా ముందు అత్తగారి అరిసెల పాకం కాపీ చెయ్యండి. చేశాక ఒకసారి వినండి కూడా.

వచ్చేవారం: ఫోన్లో కిక్కిరిసిన ఫొటోల్లో ఉంచేవేవి, తీసేసేవేవి?