చష్మా పోయినా కాగజ్ పారేయకండి

"ఒక్కసారి లేజర్ చేయించుకోండి, జిందగీ మొత్తం చష్మా అక్కర్లేదు" అనే ఇష్తెహార్లు ఇప్పుడు చిన్న పట్నాల గోడల మీద కూడా కనిపిస్తున్నాయి. ఇందులో సగం సచ్, సగం ఝూట్. షాదీ సంబంధాల కోసం, నౌకరీ కోసం ఎందరో నవ్ జవాన్లు లేసిక్ చేయించుకుంటున్నారు. ఫాయిదా లేదని నేననను. దూరపు నజర్ తేటపడుతుంది. కానీ "జిందగీ మొత్తం" అనే జమానత్ ఏ డాక్టరూ ఇవ్వలేడు.

లేజర్ చెక్కేది కంటి ముందున్న కార్నియా పొరను మాత్రమే. లోపలి లెన్సును ముట్టుకోదు. ఉమర్ పెరిగేకొద్దీ ఆ లెన్సు గట్టిపడుతుంది. 40 దాటాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి. "ఆపరేషన్ ఖరాబ్ అయింది" అని కొందరు లడాయికి దిగుతారు. అది ఆపరేషన్ కసూర్ కాదు, ఉమర్ తెచ్చిన మార్పు. కొద్దిపాటి మైనస్ నంబర్ ఉన్నవాళ్లు ఆ వయసులో చష్మా తీసేసి హాయిగా అఖ్బార్ చదువుకోగలరు. లేజర్ చేయించుకుంటే ఆ సౌకర్యం పోతుంది. ఈ సంగతి ముందే సాఫ్ సాఫ్ చెప్పాలి. కొందరికి పాత నంబర్ కొంత వాపస్ వస్తుంది కూడా. పెద్ద నంబర్ వాళ్లకు ఆ అవకాశం ఎక్కువ.

అసలు ముష్కిల్ ఇంకా తరువాత వస్తుంది. లేజర్ తో కార్నియా పలచబడుతుంది కాబట్టి కంటి ప్రెషర్ కొలిస్తే అసలుకంటే తక్కువ చూపిస్తుంది. కాలా మోతియా, అంటే నీటికాసుల జబ్బు, దొరక్కుండా దాక్కోవచ్చు. ముసలితనంలో మోతియాబిందు (శుక్లం) ఆపరేషన్ కు లెన్సు పవర్ లెక్క కట్టేటప్పుడు మామూలు హిసాబ్ తప్పుతుంది. అప్పుడు పనికొచ్చేవి లేజర్ కు ముందు తీసిన కొలతలు: పాత నంబర్, కార్నియా వంపు, దాని మందం.

ఆ కాగజ్ ఎక్కడుంది? 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడ్మిట్ అయిన పేషెంట్ల రికార్డులు 3 ఏళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. లేజర్ చేయించుకున్నవాళ్లు మామూలుగా అదే రోజు ఇంటికెళతారు. మోతియాబిందు వచ్చేది 25, 30 ఏళ్ల తరువాత. అప్పటికి ఆ దవాఖానా ఉంటుందో, మూతపడుతుందో!

కొత్త మిషన్లు, కొత్త ఫార్ములాలు పాత కొలతలు లేకున్నా లెక్క కడతాయని కొందరంటారు. నిజమే. అవి ప్రతి తాలూకా దవాఖానాలో ఉన్నాయా? కాగజ్ కయితే ఖర్చే లేదు.

అందుకే నా రాయ్ ఇది. లేజర్ చేసే ప్రతి దవాఖానా ముందు కొలతలు, తరువాత కొలతలు ఒకే కాగజ్ మీద రాసి, అడక్కుండానే పేషెంట్ చేతికివ్వాలి. ఇది మెహర్బానీ కాదు, మన హక్కు. డబ్బు కట్టేముందే అడగండి. ఇల్లు కొంటే దస్తావేజు ఎంత భద్రంగా దాస్తామో దీన్నీ అలాగే దాచండి, ఫోటో తీసి పిల్లలకూ పంపండి. ఏ కంటి డాక్టర్ దగ్గరికెళ్లినా "నాకు లేజర్ అయింది" అని ముందే చెప్పండి. చష్మా పోయినా మైనస్ కంటి రెటీనాకు ఖత్రా పోదు గనుక ఏడాదికోసారి చూపించుకోండి.