బిడియం కాదు, జబ్బైతే వైద్యం ఉంది

రాత పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. గ్రూప్ డిస్కషన్‌కి పిలుపూ వచ్చింది. ముందు రోజు రాత్రి నుంచే గుండె దడ. తెల్లారేసరికి ‘ఒంట్లో బాలేదు’ అని ఇంట్లో చెప్పి, నెల్లూరు బస్సు ఎక్కకుండా ఆగిపోయారు. ఇలా మీకు ఒకటికి రెండుసార్లు జరిగి ఉంటే, ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి.

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో తెలుగు మీడియంలో చదివినవాళ్లు చాలామంది ‘నాకు ఇంగ్లిష్ రాదు, అందుకే భయం’ అనుకుంటారు. కారణం అదే అయితే స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు పనికొస్తుంది. కానీ తెలుగులో కూడా క్లాసులో లేచి మాట్లాడలేకపోతున్నా, బ్యాంకులో ఒక ఫారం అడగాలన్నా, పదిమంది ముందు భోంచేయాలన్నా వణుకు పుడుతున్నా సమస్య భాషతో కాదు.

కొత్తవాళ్ల ముందు కాస్త తడబాటు అందరికీ ఉంటుంది. ‘నన్ను చూసి నవ్వుతారు, తక్కువగా అనుకుంటారు’ అన్న భయం ఆరు నెలలైనా వదలకుండా, చదువునీ ఉద్యోగ ప్రయత్నాల్నీ దెబ్బతీస్తుంటే దాన్ని వైద్యులు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని సోషల్ ఫోబియా పేరుతో జబ్బుల జాబితాలో చేర్చింది. ఎక్కువమందిలో టీనేజీలోనే మొదలవుతుంది. అందుకే ‘మావాడు చిన్నప్పటి నుంచీ అంతే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

ఈ భయాన్ని పెంచేది తప్పించుకోవడమే. ఇంటర్వ్యూ మానేయగానే ప్రాణం తేలికపడుతుంది. ‘వెళ్లకపోవడమే మంచిదైంది’ అని మనసు నేర్చుకుంటుంది. తర్వాతిసారి భయం ఇంకా పెద్దదవుతుంది. ఎలాగో వెళ్లినా, గొంతు వణుకుతోందా, చెమట కనిపిస్తోందా అన్నదాని మీదే ధ్యాస. అడిగిన ప్రశ్న సరిగా చెవికెక్కదు, తెలిసిన జవాబూ నోటికి రాదు.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, ఈ ముడినే విప్పుతుంది. ఉదయగిరి కొండ మీది కోటకు ఎవరూ ఒక్క అంగలో చేరరు కదా! ఇదీ అంతే. ముందు బస్టాండు ఎంక్వైరీలో ఒక ప్రశ్న అడగడం. తర్వాత ఒక షాపుకి ఫోన్ చేయడం. తర్వాత క్లాసులో ఒక సందేహం, ఇద్దరు స్నేహితుల ముందు మాక్ ఇంటర్వ్యూ. ఒక్కో మెట్టునీ భయం తగ్గేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తారు.

అవసరమైతే డాక్టర్లు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రాస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపకూడదు. ఇంటర్వ్యూకి ముందు ఫ్రెండ్ ఇచ్చిన ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోవడం అసలు వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ధైర్యం కోసం మందు తాగితే ఉన్న సమస్యకి ఇంకోటి తోడవుతుంది.

ఎవరిని కలవాలి? 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్ చేయడమే కష్టమంటారా? చెప్పాల్సిన మొదటి మాట కాగితం మీద రాసుకోండి, పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి. నేరుగా వెళ్లాలనుకుంటే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ‘ఊళ్లో తెలిస్తే ఏమంటారో’ అన్న బెంగ సహజమే. మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

కాలేజీలకూ ఒక మాట. ఫైనలియర్ చివర్లో సెమినార్ హాలు నిండా జనాన్ని పెట్టి మాక్ ఇంటర్వ్యూ చేయిస్తే, భయపడేవాడు ఆ రోజు కాలేజీకే రాడు. ఫస్టియర్ నుంచే ముగ్గురు నలుగురి ముందు మాట్లాడించండి. రానివాళ్లు ఎందుకు రావడం లేదో విడిగా పిలిచి అడగండి.

మీరు మాత్రం తర్వాతి ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చేదాకా ఆగొద్దు. చికిత్సకి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మొదటి ఫోన్ ఈ వారమే చేయండి.