మళ్లీ కడితే నకిలీ అయిపోతుందా?

నాగార్జునసాగర్ యాత్ర అంటే మనవాళ్ల లెక్కలో డ్యామ్ గేట్లు, ఎత్తిపోతల జలపాతం, వీలైతే లాంచీలో నాగార్జునకొండ. సాగర్ ఒడ్డునున్న అనుపు మాటెత్తితే మాత్రం "అక్కడేముంది? అసలు ఊరు నీళ్లలో ఉంది, ఇవి తెచ్చి పేర్చిన రాళ్లు" అంటారు. చదువుకున్నవాళ్లే ఈ మాట ఎక్కువ అంటారు. చరిత్ర మీద పట్టింపు ఉందనిపించుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు మరి. కానీ ఆ రాళ్లను పేర్చిందెవరు? 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేసేనాటికే నీట మునగబోయే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని వందకు పైగా చోట్ల తవ్వింది. అందులో ఎంచిన కట్టడాల్ని కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. సినిమా సెట్టుకు కంటికి ఇంపుగా ఉంటే చాలు. ఇక్కడ ఆధారం తవ్వకంలో బయటపడ్డ పునాది. ఏథెన్స్‌లో అట్టాలోస్ స్తంభశాలను 1953-56లో దాదాపు కొత్తగా కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లను 1964-68లో కోసి, నైలు నీళ్లకు అందని ఎత్తుకు చేర్చారు. వాటిని నకిలీ అని ఎవరూ చూడకుండా తిరిగిరారు.

అట్టాలోస్ శాల తన చోటే ఉంది, అనుపుది వేరే చోటు కదా అనొచ్చు. నిజమే. ఏ విహారం ఏటికి ఎంత దూరమో, ఏ గుమ్మం ఎటు చూసేదో ఆ లెక్క పోయింది, ఇక రాదు. కట్టడం రూపం మాత్రం పోలేదు. అనుపులో తిరిగి కట్టిన మెట్ల మైదానాన్ని గ్రీకు నాటకశాలకు నకలని చెప్పేవాళ్లకు ఆ రూపమే జవాబు. గ్రీకు నాటకశాల సగం చక్రం, ఒకవైపు రంగస్థలం. ఇక్కడ మైదానం నలుచదరం, నాలుగు వైపులా మెట్లు, ఆట నడిమధ్య. యవనులతో, అంటే గ్రీకులతో, సంబంధం లేదనడం లేదు: కొండ మీది మ్యూజియంలో ఒక స్తంభం మీద గడ్డంతో, అర్ధనగ్నంగా, కొమ్ము పానపాత్ర పట్టుకున్న మనిషి ఉన్నాడు, పక్కనే మద్యం పాత్ర, బోధిసిరి శాసనంలో చీనా, గాంధారాలతోపాటు యవన దేశం పేరూ ఉంది. రాకపోకలున్నాయి, నకలు లేదు. ఈ తేడా పుస్తకంలోని పటం కన్నా పైమెట్టు మీద కూర్చుంటే బాగా తెలుస్తుంది. తిరిగి కట్టకపోతే ఏమయ్యేదో తెలియాలంటే పల్నాటిలోనే గోలి ఉంది. 1926లో అక్కడ బయటపడ్డ స్తూపం ముఖ్య శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. గోలి పిల్లలు తమ ఊరి శిల్పం చూడాలంటే ఎగ్మూరు రైలెక్కాలి.

అనుపులో ఎండ మండటం, నీడ లేకపోవడం మాత్రం ఒప్పుకోవలసిన ఇబ్బందులే, కాబట్టి చలికాలంలో వెళ్లండి. విజయపురి సౌత్‌లో పొద్దున్నే లాంచీ ఎక్కి ముందు మ్యూజియం చూడండి. సాయంత్రం అనుపుకూ, అక్కడి హారీతి గుడికీ వదిలేయండి. ఎత్తిపోతల ఎలాగూ మాచర్ల దారిలోనే తగులుతుంది, అక్కడ దూకే చంద్రవంక వాగు ఎక్కడికీ పోదు. శుక్రవారం మాత్రం బయల్దేరకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.